పదిహేనో నిమిషం

ఆళ్లగడ్డ,
6-11-1958.

పౌలన్నకు మద్దిలేటి నమస్కారాలు.

మామిడిపండ్ల కాలం కాకపోయినా వీడికి నేను గుర్తుకొచ్చానే అనుకుంటావు. అనుకో. ఏటా వేసవిలో నువ్వు బనగానపల్లె పండ్ల గంప బస్సు మీద వేయడం, అందిందని నేను కార్డు ముక్క రాయడం, యుద్ధం రోజుల నుంచి మన స్నేహం ఈ రెండింటి మీదే నడుస్తోంది. నంద్యాల నుంచి ఇక్కడికి పూట ప్రయాణం కూడా లేదు. అయినా ఈ పద్నాలుగేళ్లలో నువ్వు మా గడప తొక్కింది లేదు. సరే, దెప్పడానికి రాయడం లేదు. పని పడి రాస్తున్నాను.

మా ఊరికి విమానం వచ్చింది. నవ్వకు. పురుగు పడి పత్తిచేలు నాశనమైపోతుంటే మందు చల్లడానికి మద్రాసు కంపెనీ ఒకటి పంపించింది. ఊరి బయట బీడు చదును చేసి దింపారు. యుద్ధం రోజుల్లో ఏరోడ్రోములో మనం పనిచేసిన ఆ రెండు రెక్కల చిన్న విమానమే. పై రెక్క మధ్యలో అదే పెట్రోలు ట్యాంకీ, ముక్కులో అదే నాలుగు సిలిండర్ల ఇంజను. ముందు సీటు తీసేసి మందు డబ్బా బిగించారు, అంతే తేడా. మూడు రోజులు అటువైపు పోకుండా బిగబట్టుకున్నాను. నాలుగో రోజు పోయి రెక్క మీద చెయ్యి వేశాను. ఆ గుడ్డకు పూసిన రంగు వాసన తగలగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

నడిపే అతను గురుస్వామి అని బళ్లారి వైపు అతను. పాతికేళ్లు ఉంటాయేమో. "ఏందప్పా, అట్ల నిమురుతాండావు, ఎద్దనుకున్నావా?" అన్నాడు. దీనితో మూడేళ్లు కాపురం చేశానని చెప్పాను. అతని మెకానిక్కుకు కామెర్లు వచ్చి ఊరికి పోయాడట. ఇంకొకణ్ణి పంపడానికి కంపెనీ నెల రోజులంటోంది. అందుకని నన్ను పనిలో పెట్టుకున్నాడు. అప్పటి ఉద్యోగం ఎందుకు పోయిందో అతను అడగలేదు, నేను చెప్పలేదు.

అసలు సంగతి ఇది. ఇంజను సరిగా ఆడటం లేదు. నేల మీద బాగానే తిరుగుతుంది. పైకి లేచిన పావుగంటకు దగ్గుతుంది, విమానమంతా వణుకుతుంది, బలం పడిపోతుంది. నిన్న గురుస్వామి ఎలాగో తిప్పుకొని వచ్చి జొన్నచేలో దించాడు. దించాక చూస్తే ఏ తప్పూ లేదు. మళ్లీ తిప్పితే ఏమీ ఎరగనట్టు తిరిగింది. రైతులు పొద్దున్నే వచ్చి మా చేను ఎప్పుడని నిలదీస్తున్నారు. అతనా, కుర్రతనం. దగ్గితే దగ్గనీలే అంటాడు.

నేను పెట్రోలు పోసేవాణ్ణి, చినిగిన గుడ్డ అతికేవాణ్ణి. ఇంజను మనిషివి నువ్వు. నువ్వు రా. రాలేకపోతే ఏమేం చూడాలో రాసి బస్సు డ్రైవరు నరసింహులు చేతికివ్వు, సాయంత్రానికి నాకు చేరుతుంది. అన్నా, నా చెయ్యి పడిన విమానం ఇంకొకటి కూలితే నేను తట్టుకోలేను.

మద్దిలేటి


నంద్యాల,
7-11-1958.

తమ్ముడు మద్దిలేటికి,

నీ జాబు నరసింహులు మిల్లుకే తెచ్చిచ్చాడు. నేను రాలేను. కొత్త వడ్లు దిగుతున్నాయి. మిల్లు ఇంజను వదిలి నేను కదిలితే షావుకారు ఊరుకోడు. మీ వదిన జీవమ్మకు కూడా ఒంట్లో బాగాలేదు. రాలేనందుకు ఏమీ అనుకోవద్దు.

నేను చెప్పిన వరసలోనే చూడు. రెండు పనులు ఒకేసారి చేయకు. చేస్తే ఏది బాగుచేసిందో తెలియకుండా పోతుంది. ముందు ప్లగ్గులు తీసి చూడు. నల్లగా మసి పట్టి ఉంటే ఒక జబ్బు, తెల్లగా సున్నం కొట్టినట్టుంటే ఇంకొకటి, గోధుమరంగులో ఉంటే ఏ జబ్బూ లేదు. తర్వాత ఇంజను తిరుగుతుండగా ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే రెండు మాగ్నెటోల్లో ఒకదాని స్విచ్చి ఆపి, అది వేసి, రెండోది ఆపు. రెండుసార్లూ వేగం ఒకేలా కొంచెం తగ్గాలి. ఒకదానికి ఎక్కువ పడిపోతే తప్పు అక్కడుంది. ఏ సిలిండరు మంట అందుకోవడం లేదో తెలియకపోతే మన పాత పద్ధతే. ఇంజను ఆపీ ఆపగానే నాలుగు పొగ గొట్టాల మీద నీళ్లు చిలకరించు. చుయ్యిమనని గొట్టం ఏదో దాని సిలిండరే దొంగ.

ఇవన్నీ సరిగా ఉంటే కార్బొరేటరు గిన్నె విప్పి నలక ఉందేమో చూడు. పెట్రోలు గొట్టాన్ని కార్బొరేటరు దగ్గర ఊడదీసి, ధార ఎంత జోరుగా వస్తుందో చూడు. పెట్రోలు వడకట్టే సంగతి నీకు నేను చెప్పనక్కర్లేదు.

పాత మాటలు ఇందులో కలపకు. అది వేరే విమానం, అది అయిపోయిన సంగతి. ఇవి చూసేవరకూ అతణ్ణి పైకి పోనివ్వకు.

పౌలు


ఆళ్లగడ్డ,
10-11-1958.

పౌలన్నకు,

నువ్వు చెప్పిన వరస తప్పకుండా రెండు రోజులు అదే పని మీద ఉన్నాను. ప్లగ్గులు గోధుమరంగులో ఉన్నాయి. రెండు మాగ్నెటోలకూ వేగం సమంగా తగ్గింది. నాలుగు గొట్టాలూ చుయ్యిమన్నాయి. కార్బొరేటరులో నలక లేదు. మూత తీసి ట్యాంకీలో ఎంతుందో చూసుకున్నాక గొట్టం ఊడదీస్తే ధార పంపులా వచ్చింది. ఇంక ఏ జబ్బూ లేదని గురుస్వామి నిన్న మళ్లీ లేచాడు. ఆపుదామని రెక్క పట్టుకుని నడిచాను, ఆగలేదు. గడియారం చేతిలో పెట్టుకొని నిలబడ్డాను. పదిహేనో నిమిషానికి దగ్గింది. ఈసారి రెండుసార్లు పూర్తిగా ఆగి అందుకుంది. చింతచెట్ల పైనుంచి ఎట్లా దాటాడో తెలియదు. దిగాక కూడా అతని నోరు తగ్గలేదు. ఎల్లుండి మళ్లీ పోతానంటాడు. నేను ఎప్పటిలాగే ట్యాంకీ మూత తీసి చూశాను. సగానికి పైనే ఉంది. మళ్లీ మూత పెట్టి తిప్పితే చక్కగా తిరిగింది.

నీళ్లు చేరకుండా పెట్రోలు నేను మెత్తతోలు గుండా రెండుసార్లు వడకడుతున్నాను. ఎందుకో నీకు తెలుసు. ఇంట్లో దీపం కిరసనాయిలు కూడా రెండుసార్లు వడకడతాను. మా ఆవిడ సుబ్బలక్ష్మమ్మ నవ్వుతుంది. తోలులో చుక్క నీళ్లు కనిపించినా నాకు సంజీవయ్య ముఖమే కనిపిస్తుంది. ఏరోడ్రోములో ఉన్న అంతమంది పైలట్లలో మన మాట మాట్లాడేవాడు అతనొక్కడే కదా. "పగిడ్యాల కొర్రన్నం తిన్నోణ్ణి, నాకీ రొట్టెలు యాడ సాల్తాయి" అంటూ మన వంటగదిలోకి దూరేవాడు. ఆ రోజు కూడా లేచిన పావుగంటకే ఇంజను ఆగింది.

పాత మాటలు కలపకు అన్నావు. కలపకుండా ఎట్లా ఉంటాను? విచారణలో నన్ను అడిగింది ఒక్కటే, పెట్రోలు పోసింది నువ్వేనా అని. నేనే అన్నాను. తోలు సరిగా ఉందా అంటే, తడిగా ఉందేమో, గుర్తులేదు అన్నాను. నిజంగానే గుర్తులేదు. ఆ ఒక్క మాటతో పెట్రోలులో నీళ్లు కలిశాయని తేల్చి నన్ను పంపేశారు. పంపేస్తే పంపారు. ఇరవై ఏళ్ల మనిషిని చంపాను కదా.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. ఆ ఏడే నేను పగిడ్యాల పోయి సంజీవయ్య తల్లి కొండమ్మ కాళ్లు పట్టుకున్నాను. నా చేతి తప్పు వల్లే నీ కొడుకు పోయాడని చెప్పాను. ఆమె లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆమెకు రెండెకరాల మెట్ట ఉంది, దున్నే దిక్కు లేదు. అప్పటి నుంచి ఏటా తొలివానకు నా ఎద్దులు తోలుకుపోయి దున్ని విత్తనం వేసి వస్తున్నాను. ఆరేళ్ల దాకా మాట్లాడలేదు. ఏడో ఏడు చెంబుతో మజ్జిగ అరుగు మీద పెట్టింది. అంతే, ఇప్పటికీ పలకరించదు. ఆ ఊళ్లో పిల్లలు నన్ను పెట్రోలు మద్దిలేటి అంటారు. అంటే పడతాను.

గురుస్వామికి కూడా ఎక్కడో తల్లి ఉంటుంది. ఎల్లుండిలోగా ఏదో ఒకటి చెప్పు అన్నా.

మద్దిలేటి


నంద్యాల,
11-11-1958.

మద్దిలేటికి,

నరసింహులును ఆపి ఇది రాస్తున్నాను. చదివిన వెంటనే చేయి.

నువ్వు మూత తీసి చూశాకే ప్రతిసారీ ఇంజను బాగవుతోంది. ధార చూసినప్పుడు కూడా ముందు మూత తీశావు. తప్పు పెట్రోలులో లేదు, ఇంజనులో లేదు. మూతలో ఉంది.

ట్యాంకీ మూతకు సూది మొన పట్టేంత గాలి రంధ్రం ఒకటి ఉంటుంది. పెట్రోలు కిందికి దిగేకొద్దీ దాని జాగాలోకి ఆ రంధ్రం గుండా గాలి పోవాలి. అది మూసుకుపోతే లోపల గాలి చాలక పెట్రోలు దిగదు. పావుగంటకు ఇంజను ఆకలితో దగ్గుతుంది. మూత తీయగానే గాలి పోతుంది, జబ్బు మాయమవుతుంది.

తోకను గుంజకు కట్టి, మూత ముట్టుకోకుండా, ఇంజనును పూర్తి వేగంతో దగ్గేదాకా తిప్పండి. తర్వాత ఇంజను ఆపి, పంకా పూర్తిగా నిలిచాకే పైకెక్కి చెవి దగ్గర పెట్టి మూత తిప్పు. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తే అదే. మట్టో, పురుగు గూడో, మైనమో అడ్డం ఉంటుంది. సూదితో తీసేయి. తీసేదాకా అతణ్ణి విమానం ఎక్కనివ్వకు. కాళ్లు పట్టుకునైనా ఆపు.

పౌలు


ఆళ్లగడ్డ,
14-11-1958.

పౌలన్నకు,

నీ చేతులకు మొక్కాలి. తోక కట్టి తిప్పితే పద్దెనిమిదో నిమిషంలో దగ్గింది. పంకా నిలిచాక మూత తిప్పాను. పిల్లవాడు ఏడ్చి ఏడ్చి ఊపిరి తీసుకున్నట్టు చప్పుడైంది. గురుస్వామి కిందనుంచి విన్నాడు. పోయి గట్టు మీద కూర్చున్నాడు. ఎంత దగ్గరగా పోయి వచ్చాడో అప్పుడు తెలిసింది అతనికి.

రంధ్రంలో ఏముందో చెప్పనా? తేనెమైనం. దాని మీద నల్లమట్టి దుమ్ము అతుక్కుని మూత రంగులోనే కలిసిపోయింది. అందుకే రోజూ మూత తీసేవాణ్ణి, నాకే కనిపించలేదు. పెట్టింది పుల్లయ్య. రాత్రి కాపలాకు పెట్టిన ముసలాయన. వచ్చిన రెండో రోజే దుమ్ముగాలి లేచిందట. మూతకు రంధ్రం చూసి, అయ్యో దుమ్ము పడుతుందే అని ఇంటి నుంచి మైనం తెచ్చి అద్దాడు. "నూనె జాడీకి సందుంటే మైనం పెట్టమా? మంచికే గదప్పా చేసినా," అని ఏడ్చాడు. మన ఇళ్లలో ఆడవాళ్లు చేసే పనే కదా. గురుస్వామి అరవబోతే నేను ఆపాను. తెలియక మంచికి చేసిన పనికి మనిషిని ఎంత శిక్షించాలి, నువ్వే చెప్పు. నా సంగతి ఆ ముసలాయనకు చెప్పి, నీది ఏం పెద్ద తప్పులే, ఎవరూ చావలేదు, పో అన్నాను.

ఈ రోజు గురుస్వామి గంటసేపు ఎగిరాడు. నూరెకరాల మీద మందు పడింది. నేల మీద నిలబడి నేను ఏడ్చాను. నవ్వినా పరవాలేదు. ఒకణ్ణి చంపిన చేత్తో ఒకణ్ణి కాపాడాను అనిపించింది. కాపాడింది నువ్వే అనుకో. ఎక్కడో నంద్యాలలో వడ్ల పొట్టు మధ్య కూర్చొని మైనం అని కూడా రాశావే, ఎట్లా తట్టింది నీకు?

ఒక్కసారి వచ్చి పో. సుబ్బలక్ష్మమ్మ నిన్ను చూడాలంటోంది.

మద్దిలేటి


ఆళ్లగడ్డ,
4-1-1959.

పౌలన్నకు,

నవంబరులో రాసిన ఉత్తరానికి జవాబు లేదు. నరసింహులును అడిగితే బాగానే ఉన్నాడు, చర్చి దగ్గర కనిపించాడు అన్నాడు. మిల్లు పని అనుకుంటాను.

విమానం వెళ్లిపోయింది. పోయేముందు గురుస్వామి నన్ను కంపెనీలో పర్మనెంటుగా పెట్టుకోమని రాశాడు. ఆ అబ్బాయి మాట నిలబెట్టుకున్నాడు, మద్రాసు నుంచి ఫారం వచ్చింది. నాకు నలభై దాటబోతున్నాయి. మళ్లీ విమానాల పక్కన పనిచేస్తానని కలలో కూడా అనుకోలేదు. ఫారంలో, వెనకటి ఉద్యోగం ఎందుకు మానావు అని ఒక గడి ఉంది. దాని ముందు రెండు రోజులు కూర్చున్నాను. అబద్ధం రాయలేకపోయాను. నా అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగింది, అందుకు తీసేశారు అని రాశాను.

కంపెనీ వాళ్లు మంచివాళ్లే. అప్పట్లో నాతో పనిచేసినవాళ్లు ఎవరైనా నా పని గురించి రాసిస్తే ఆలోచిస్తామన్నారు. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? రెండు మాటలు రాసి సంతకం పెట్టు. ఆ రోజు తప్ప మిగతా రోజులన్నీ నేను జాగ్రత్త గల మనిషినే అని రాయి. అబద్ధం కాదు కదా. ఈ నెలాఖరులోగా పంపాలి.

మద్దిలేటి


నంద్యాల,
28-2-1959.

మద్దిలేటీ,

నువ్వు పెట్టిన గడువు నెల కిందటే పోయింది. జనవరిలో పదిసార్లు రాశాను. జాగ్రత్త గల మనిషి అని రాసి సంతకం దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది. ఈ కవరులో కంపెనీకి ఇవ్వాల్సిన కాగితం ఉంది. అందులో ఏముందో నీకు ముందు చెప్పాలి.

సంజీవయ్యను చంపింది నువ్వు కాదు. నేను.

ముందురోజు సాయంత్రం నువ్వు పెట్రోలు పోసి బస్సుకు పోయావు. ట్యాంకీ నిండుగా ఉంది. విమానాలకు గుడ్డలు కప్పే వంతు నాది. దుమ్ముగాలి లేచింది, గుర్తుందా, వంటగదిలో అన్నంలో కూడా ఇసుక పడింది. పై గుడ్డ చినిగి ఎగిరిపోయింది. నేను మూత మీద ఆ రంధ్రం చూశాను. ఇంజను మనిషిని, అది ఎందుకుందో నాకు తెలుసు. అయినా మా అమ్మ ఊరగాయ జాడీకి పెట్టినట్టు, దారానికి రాసుకోవడానికి జేబులో ఉంచుకునే మైనం తుంచి అద్దాను. పొద్దున్నే తీసేద్దాం అనుకున్నాను. పొద్దున నాలుగింటికి నన్ను స్టేషనుకు పంపారు, రైలు నుంచి పెట్టెలు దించడానికి. పెట్టెల మధ్య ఉండగా మైనం గుర్తుకొచ్చింది. సైకిలు ఎక్కి తొక్కాను. సగం దారిలో పొగ కనిపించింది.

మంటలో మైనం మిగల్లేదు. ఎవరూ నన్ను అడగలేదు. నిన్ను అడిగారు. తడిగా ఉందేమో, గుర్తులేదు అని నువ్వు అంటుంటే నేను తలుపు పక్కనే నిలబడి విన్నాను. తోలు తడిగా లేదు మద్దిలేటీ. నువ్వు పిండి ఆరేసిన తోలును ఆ సాయంత్రం నేనే మడిచి పెట్టాను. అది ఎండి గలగలమంది.

మొదటి రోజు జైలుకు భయపడ్డాను. జీవమ్మ అప్పుడు కడుపుతో ఉంది. తర్వాత, చెప్పాల్సిన రోజు దాటిపోయింది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఉద్యోగం పోయింది అంతే కదా, వాడికి భూమి ఉంది, బతుకుతాడు అనుకున్నాను. నువ్వు పగిడ్యాల పోతున్నావని నాకు తెలియదు. తెలిసి ఉంటే చెప్పేవాణ్ణి అని రాయబోయి కొట్టేశాను. నవంబరులో తెలిసింది కదా. తెలిశాక కూడా మూడు నెలలు పట్టింది.

ఏటా పండ్ల గంప కట్టేటప్పుడు అడుగున పెట్టాలని ఒక చీటీ రాసేవాణ్ణి. రాసి చింపేవాణ్ణి. ఆదివారం చర్చిలో అందరితో కలిసి మా పాపములు క్షమించుము అంటాను. నా పాపం పేరు చెప్పి ఒక్కసారి అనలేదు. నీ ఇంటికి రాకపోవడానికి మిల్లు కారణం కాదు, జీవమ్మ కాదు. నీ చేతి అన్నం నా నోట్లోకి పోదని భయం.

పుల్లయ్యను నువ్వు క్షమించావు. ఆయనకు తెలియదు. నాకు తెలుసు. ఈ రెంటికీ తేడా నాకు అర్థమవుతుంది.

కంపెనీ కాగితంలో ఇదంతా సంతకంతో రాశాను. చర్చి పెద్దల ముందు కూడా చదివాను. నన్ను ఏం చేసినా నీకు హక్కుంది.

పౌలు


ఆళ్లగడ్డ,
12-6-1959.

పౌలుకు,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలు దాటింది. జవాబు రాయకూడదు అనుకున్నాను. మూడు నెలలు నువ్వు తీసుకున్నావు, మూడు నెలలు నేనూ తీసుకున్నాను, చెల్లు.

కాగితం మద్రాసుకు పంపాను. వాళ్లు మర్యాదగానే రాశారు. ఫిబ్రవరి మొదట్లోనే వేరే మనిషిని తీసుకున్నారట. జనవరిలో వచ్చి ఉంటే బాగుండేది అన్నారు. గురుస్వామి కూడా చాలా బాధపడి రాశాడు. నేను బాధపడలేదని అబద్ధం చెప్పను. ఫారం చింపలేదు, పెట్టెలో పెట్టాను.

ఈ ఏడు పండ్ల గంప రాలేదు. నీకు ముఖం చెల్లలేదని అర్థమైంది. మా పాప రెండుసార్లు అడిగింది. పెదనాయన మరిచిపోయినాడా అని.

మొదటి పది రోజులు నిన్ను చంపాలన్నంత కోపం వచ్చింది. తర్వాత ఇంకొకటి వచ్చింది, అది కోపం కంటే చెడ్డది. పద్నాలుగేళ్లు నా చేతులను నేనే నమ్మలేదు. అన్నం కలిపినా, బిడ్డను ఎత్తుకున్నా, ఇవి మనిషిని చంపిన చేతులు అనుకునేవాణ్ణి. ఇప్పుడు కాదని నువ్వంటే నా చేతులు నమ్మడం లేదు. కిరసనాయిలు ఇంకా రెండుసార్లే వడకడుతున్నాను. దీనికి నువ్వు ఏం సంతకం పెట్టి ఇస్తావు?

తొలివాన పడింది. ఎద్దులు తోలుకొని పగిడ్యాల పోయాను. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని పోయాను. ఇన్నేళ్లూ ఆమె ముందు తల వంచుకొని నిలబడ్డాను, ఈసారి తల ఎత్తి చెబుదాం అనుకున్నాను. కొండమ్మకు ఇప్పుడు చెవులు బొత్తిగా వినపడవు. కళ్లు కూడా మసకేశాయి. అరుగు మీద పక్కన కూర్చొని చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. అవ్వా, పెట్రోలులో నీళ్లు కలవలేదు, నా తప్పు కాదు, మైనం పెట్టింది వేరే ఆయన అని. మూడుసార్లు అరిచాను. పెట్రోలు, నీళ్లు అనే రెండు మాటలే ఆమెకు అందాయి. ఎప్పటిలాగే క్షమించమని అడుగుతున్నాను అనుకుంది. నా చెయ్యి వెతికి పట్టుకుంది. పద్నాలుగేళ్లలో మొదటిసారి నాతో మాట్లాడింది.

"పోనీలేప్పా. నీళ్లు కలిసిండాయి, కలిసిండాయి. కావాలని చేసినావా ఏంది. ఇంక దాన్ని మోయొద్దు," అంది.

నేను ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఈ ఒక్క మాట కోసం ఎన్ని ఏళ్లు దున్నానో నీకు తెలుసు. అది చేతికొచ్చిన రోజుకు నాది కాకుండా పోయింది. ఆమె క్షమించింది నన్ను కాదు, ఆ తప్పు చేసినవాణ్ణి. నీకు రావలసిన జాబు నా ఇంటికి వచ్చింది, నేను విప్పి చదువుకున్నాను.

నా కోపం పోలేదు. పోతుందో లేదో తెలియదు. నిన్ను అన్నా అని పిలవడానికి ఇప్పుడు నోరు రావడం లేదు, చూశావు కదా పైన. కానీ ఆమె మాటను నా దగ్గర ఉంచుకోలేను, బస్సు మీద వేసి పంపలేను. నువ్వే వచ్చి ఆమె ముందు కూర్చో. ఇంకా ఒక ఎకరం దున్నాలి. నేను ఈ నెల ఇరవైకి మళ్లీ పోతున్నాను. ఇంకొక నాగలి ఉంది, పట్టేవాడు లేడు.

ఆమెకు వినపడదు. అయినా చెప్పు. గట్టిగా చెప్పు, ఆ వీధిలో వాళ్లకు వినపడాలి. నన్ను పెట్రోలు మద్దిలేటి అని పిలిచే పిల్లలకు వినపడాలి. నంద్యాలలో పొద్దున ఏడుకు బస్సు ఉంది.

మద్దిలేటి